కాగితాల నారాయణ గారు

మా పత్తి జిన్నింగు మిల్లుకొచ్చి వెంకటనారాయణ గారు ఎక్కడుంటారని అడిగితే నలుగురూ నాలుగు వైపులు చూస్తారు. కాగితాల నారాయణ అంటే మాత్రం గేటు వాచ్‌మన్ దగ్గర్నుంచి చిలకలూరిపేట లారీ స్టాండులో టీ కాచే మనిషి దాకా అందరికీ తెలుసు. మిల్లు నుంచి డబ్బు రావలసిన ప్రతివాడూ ముందు ఆయన బల్ల దగ్గర నిలబడాల్సిందే. బేళ్లు తోలే లారీ ఓనరు కానీ, మోటార్లు చుట్టే మెకానిక్కు కానీ, షెడ్డు రేకులు మార్చేవాడు కానీ, ఎవరైనా సరే. బిల్లు మీద మా ఓనరు ప్రేమ్‌చంద్ గారి సంతకం పడినా, చెక్కు రాసి సిద్ధంగా ఉన్నా, నారాయణ గారి ఫైల్లోకి వాళ్ల కాగితం చేరందే ఆ చెక్కు సొరుగు దాటి బయటికి వచ్చేది కాదు.

"పాన్ నంబరు?" అనేవారు తల ఎత్తకుండా.

"మళ్లీ ట్రిప్పుకి తెస్తానండి."

"అయితే చెక్కు కూడా మళ్లీ ట్రిప్పుకే."

నా పేరు భవ్య. 2003లో ఆ మిల్లులో కంప్యూటరులో లెక్కలు ఎక్కించే ట్యాలీ ఆపరేటరుగా చేరాను. గుంటూరు బ్రాడీపేటలో మూడు నెలల కోర్సు చేసి, ప్రపంచంలో ఉన్న లెక్కలన్నీ నాకే తెలుసన్న పొగరుతో వెళ్లాను. నా కంప్యూటరుని ఆయన బల్లకి ఎదురుగా పెట్టారు. నేను ఆయన్ని బాబాయ్ గారూ అనేదాన్ని, ఆయన నన్ను అమ్మాయ్ అనేవారు. రోజుకి నాలుగుసార్లు పోట్లాడుకునేవాళ్లం. నా కంప్యూటరులో ఉన్నది ఆయన ఫైల్లో లేకపోతే అది లేనట్టే అని ఆయన వాదం. కరెంటు పోయినప్పుడు నా వైపు చూసి నవ్వే నవ్వు చూస్తే ఒళ్లు మండేది.

ఆ కాగితాల పిచ్చి ఊరికే రాలేదు. ఆయన తండ్రికి ప్రత్తిపాడు పక్కన నాలుగెకరాల నల్లరేగడి ఉండేదట. తెల్లదోమ పత్తిని తినేసిన ఏడాది పురుగుమందుల కొట్లో అప్పు పడి, ఆ తర్వాతి ఏడాది పెళ్లాం మెళ్లోవి అమ్మి మొత్తం తీర్చేశాడు. రసీదు అడగలేదు. అడిగితే బాగుండదని మొహమాటం. కొట్టు యజమాని పోయాక కొడుకులు పుస్తకం తీశారు, అందులో అప్పు అప్పుగానే ఉంది. రెండెకరాలు పోయాయి. "మొహమాటానికి పోతే మనకి ఒరిగేది ఇదే అమ్మాయ్," అనేవారు. ఈ కథ నాకు పది సార్లు చెప్పారు.

2005 ఎండాకాలంలో బ్రాడీపేట నుంచి వచ్చే ఆడిటరు గారు మజ్జిగ తాగుతూ ఒక బాంబు పేల్చారు. కాంట్రాక్టర్లకి ఇచ్చే డబ్బులో నూటికి రెండు రూపాయలు ముందే కోసి సర్కారుకి కట్టాలి, దాన్నే టీడీఎస్ అంటారు, అది అంతకుముందూ ఉన్నదే. కొత్తేమిటంటే, అలా కొయ్యకుండా ఇచ్చిన డబ్బుని ఇకమీదట మిల్లు ఖర్చు కింద ఒప్పుకోరట. దాని మీద పన్ను మిల్లే కట్టుకోవాలట. ప్రేమ్‌చంద్ గారి మొహం వాడిపోయింది. నారాయణ గారి మొహం వెలిగింది. ముప్పై ఏళ్లుగా ఆయన మొత్తుకుంటున్నదాన్ని సర్కారు ఇప్పటికి ఒప్పుకుంది.

ఆ ఏడాది ఆయన పాత టీవీఎస్ మోపెడ్ మీద తిరగని ఊరు లేదు. ఆఫీసులో బండలు పరిచిన మార్టూరు వాడు పాన్ నంబరు ఇవ్వకుండా తప్పించుకుంటుంటే, మార్టూరు వెళ్లి, వాడి పాలిషింగ్ యూనిట్లో రాతిదుమ్ములో మూడు గంటలు కూర్చున్నారు. వాడు వెనక గుమ్మంలోంచి జారుకుంటే మర్నాడు మళ్లీ వెళ్లారు. మూడోనాడు వాడే ఫోన్ చేసి, "నంబరు రాసుకోండి సార్, మీకు దణ్ణం పెడతా, ఇక రాబాకండి," అన్నాడు. మేం మిల్లంతా నవ్వుకున్నాం. నిజం చెప్పాలంటే ఆ పట్టుదల చూస్తే నాకు గర్వంగా కూడా ఉండేది.

అన్ని కాగితాలూ వచ్చాయి. హమాలీ ముఠా ఒక్కటి మిగిలింది.

ముఠాలో ఇరవై రెండు మంది. నూట డెబ్భై కిలోల పత్తి బేలుని ఇనుప కొక్కేలతో లాగి, దొంతరలు పేర్చి, లారీలకెత్తేది వాళ్లే. వాళ్ల మేస్త్రి అల్లాబక్షు. మా వైపు హమాలీ ముఠాలో మేస్త్రి అంటే పెత్తందారేం కాదు. అందరితోపాటు అతనూ కొక్కెం పట్టాల్సిందే. శనివారం ఆఫీసులో మొత్తం కూలి తీసుకుని, షెడ్డు నీడలో తువ్వాలు పరిచి ఇరవై రెండు వాటాలు వేసేది మాత్రం అతను. తన వాటా చివర తీసుకోవాలి, చిల్లర తక్కువైతే అతనికే తక్కువవ్వాలి. అందుకే ఆ పనికి ఎవరూ ఎగబడరు. నమ్మకమైనవాణ్ణి చూసి నెత్తిన పెడతారు. అల్లాబక్షు తండ్రి ఊరూరా తిరిగి పరుపులకి దూది ఏకిన మనిషి. ఇతను అదే దూదిని బేళ్లుగా మోశాడు.

"వీళ్లు కూలీలు కదండీ, కాంట్రాక్టర్లు ఎలా అవుతారు?" అని ఆడిటరు గారిని అడిగింది నారాయణ గారే. అది నేను విన్నాను, అందుకే రాస్తున్నాను.

"ఇరవై రెండు మందినీ మీ కూలీలని రాసుకుంటే హాజరు పట్టీ పెట్టాలి, పీఎఫ్ కట్టాలి, ఇన్సూరెన్సు కట్టాలి. ఒక్కణ్ణి కాంట్రాక్టరని రాస్తే ఒక్క కాగితంతో పోద్ది. ఎట్లా చేస్తారో మీ ఇష్టం," అన్నారు ఆడిటరు గారు.

ప్రేమ్‌చంద్ గారికి ఆలోచించాల్సిన పని లేకపోయింది. "ఒక్క పేరు చాలు. మేస్త్రి పేరు పెట్టండి," అన్నారు.

మర్నాడు అల్లాబక్షుని పిలిపించారు. ఒంటినిండా పత్తి నూగుతో వచ్చి, గడప దగ్గరే నిలబడ్డాడు.

"కార్డేంటండి? రేషన్ కార్డుంది గదా," అన్నాడు.

"ఇది పాన్ కార్డని, ఇన్‌కంటాక్స్ వాళ్లిచ్చేది మేస్త్రీ. దీనికి మీ నాన్న పేరు కావాలి, నువ్వు పుట్టిన తేదీ కావాలి."

"నాన్న పేరు మస్తానండి. పుట్టిందంటే... దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు నేను బస్తా ఎత్తగలిగేవాణ్ణి."

నారాయణ గారు వేళ్ల మీద లెక్కేసి, జూలై ఒకటి, అరవై రెండు అని రాశారు. అల్లాబక్షు ఆ తేదీని రెండుసార్లు పైకి అనుకుని నోటికి పట్టించుకున్నాడు.

వేలిముద్ర వేసేవాళ్లకి గెజిటెడ్ ఆఫీసరు సంతకం కావాలి. మండలంలో ఆ రోజు సీట్లో దొరికిన గెజిటెడ్ ఆఫీసరు పశువుల డాక్టరు ఒక్కరే. ఆయన ఏదో గేదె ఈనలేక అవస్థ పడుతుంటే ఆ పనిలో ఉన్నారు. వీళ్లిద్దరూ గంటన్నర కూర్చున్నాక చేతులు కడుక్కుని వచ్చి పచ్చ సిరాతో సంతకం పెట్టారు. "నారాయణ గారు నన్ను గొడ్ల లెక్కలో రాయించుకొచ్చారు," అని అల్లాబక్షు వారం రోజులు ముఠా మొత్తాన్నీ నవ్వించాడు.

కార్డు వచ్చిన శనివారమే ఇంకో కాగితం మీద కూడా వేలిముద్ర తీసుకున్నారు. ఆడిటరు గారు రాయించిన అగ్రిమెంటు అది, మూడు పేజీలు, ఇంగ్లీషులో. అల్లాబక్షు అనే లేబర్ కాంట్రాక్టరు తన మనుషుల్ని తానే పెట్టుకుంటాడనీ, వాళ్ల మంచిచెడ్డలకీ ప్రమాదాలకీ తానే బాధ్యుడనీ అందులో ఉంది. టైపు చేసింది నేనే. ఇరవై ఒక్క మంది బయట కూలి కోసం నిలబడి ఉన్నారు. నారాయణ గారు మూడు పేజీల్లో ఎక్కడెక్కడ వేలు పెట్టాలో పెన్సిలుతో గుర్తు పెట్టి చూపించారు. చదివి వినిపించలేదు. అతనూ అడగలేదు.

ఇంతవరకూ ఏ గుమాస్తా అయినా చేసేదే. ఆ తర్వాత నారాయణ గారు ఎవరూ అడగని పని చేశారు. నూటికి రెండు చొప్పున కోసిన డబ్బు పోయినట్టే అని ముఠా అనుకుంది. "పోదురా, నీ పేరు మీద రిటర్ను వేస్తే తిరిగొస్తుంది," అని ఆయనే సరళ్ అనే రిటర్ను ఫారం తెచ్చి, ఆదివారం ఇంట్లో కూర్చుని నింపారు. వృత్తి అన్న చోట లేబర్ కాంట్రాక్టరు అని రాశారు. బ్యాంకులో ఖాతా తెరిపించారు. ఏడాది తిరిగేసరికి రీఫండు వచ్చింది. అల్లాబక్షు తువ్వాలు పరిచి ఇరవై మూడు వాటాలు వేశాడు. ఇరవై మూడోది నారాయణ గారిది. ఆయన ముట్టుకోలేదు. అయినా ఆ రోజంతా చిన్నపిల్లాడిలా తిరిగారు. అలా రెండేళ్లు వేశారు. నిజంగా మంచి పనే. ఆ ముఠాకి అంతకుముందు ఏ గుమాస్తా ఒక్క రూపాయి తిరిగి ఇప్పించిన పాపాన పోలేదు.

2008 ఫిబ్రవరిలో, సీజను మంచి జోరు మీద ఉండగా, మూడో వరస మీంచి బేలు జారింది. కింద లారీకి దారి చూపిస్తున్న అల్లాబక్షు మీద పడింది. పొద్దున పదకొండున్నర అయి ఉంటుంది. షెడ్డులోంచి అరుపులు వినిపిస్తే నేను కిటికీ దగ్గరికి వెళ్లాను. ఆరుగురు కలిసి బేలుని ఎత్తుతున్నారు. నారాయణ గారు చెప్పుల్లేకుండా పరిగెత్తారు. లారీలోనే గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు కానీ, యడ్లపాడు దాటకముందే పోయాడు.

మిల్లు తరఫున పదివేలు ఇచ్చారు, ఖననం ఖర్చుకి. ముఠా ఆచారం ప్రకారం నలభై రోజులు అతని వాటా మొత్తం ఇంటికి పంపారు. ఆ తర్వాత సీజను అయ్యేదాకా సగం. అక్కడితో అయిపోతుంది. ఆసరా పోయిన ప్రతి ఇంటికీ వాళ్లు చేసేది అంతే, అంతకన్నా వాళ్ల దగ్గర లేదు. అల్లాబక్షు భార్య జహీరున్నీసా మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో తొడిమలు తీసే పనికి వెళ్లసాగింది. సాయంత్రానికి చేతులు మండిపోయి, అన్నం కలుపుకోవాలంటే గరిటె వాడాల్సిందేనట.

చనిపోయిన కూలీకి నష్టపరిహారం వస్తుందని ఎవరో చెబితే ఆమె కేసు వేసింది. మూడు లక్షల పైచిలుకు వస్తుందన్నారు. ఇద్దరు చిన్నపిల్లలు, అద్దె గది. ఆ మూడు లక్షలు వస్తే ఆమె తొడిమల పని మానేసి ఇంటి ముందు చిన్న కొట్టు పెట్టుకోవచ్చు. రాకపోతే లేదు. అంతకన్నా పెద్ద ఆశలేమీ ఆమెకి లేవు.

మిల్లు వకీలు వేసిన జవాబు ఒక్క వాక్యం. చనిపోయినవాడు కూలీ కాడు, కాంట్రాక్టరు.

అది చదివి నారాయణ గారు రెండు రోజులు అన్నం తినలేదని ఆయన భార్య ప్రేమమ్మ గారు నాకు ఫోన్ చేసి చెప్పారు. విచారణకి ముందు జహీరున్నీసా మిల్లుకి వచ్చింది. గేటు లోపలికి రానివ్వకపోతే ఈయనే బయటికి వెళ్లారు. ఏం మాట్లాడతారో విందామని నేనూ వెనకే వెళ్లాను.

"అయ్యా, నాకు చట్టం తెలవదు. ఆయన బేళ్లు మోశాడా లేదా, ఆ ఒక్క ముక్క చెప్పండి చాలు. మీరు చెబితే నమ్ముతారంట," అంది.

"చెప్తానమ్మా. ఉన్నది ఉన్నట్టు చెప్తాను," అన్నారు ఆయన. మనస్ఫూర్తిగానే అన్నారు. అందులో నాకు ఇప్పటికీ అనుమానం లేదు.

ప్రేమ్‌చంద్ గారు కూడా పిలిచి చెప్పారు. "ఫైలు తీసుకెళ్లండి. అడిగినదానికి ఫైల్లో ఏముందో చెప్పండి. సొంత కవిత్వం వద్దు." ఆయన బెదిరించలేదు. యాభై ఎనిమిదేళ్ల గుమాస్తాకి ఇంకో మిల్లులో కుర్చీ వెయ్యరని ఇద్దరికీ తెలుసు, బెదిరించాల్సిన పనేముంది.

నవంబరులో గుంటూరు లేబరు ఆఫీసులో విచారణ జరిగింది. టీడీఎస్ ప్రింట్లు మోసుకుని నేనూ వెళ్లాను. చిన్న గది, పైన ఒక్క ఫ్యాను. జహీరున్నీసా వెనక బెంచీ మీద చేతులు కొంగులో దాచుకుని కూర్చుంది. ఆమె తరఫు వకీలు కుర్రవాడు. అతను అడిగాడు, అల్లాబక్షు బేళ్లు మోసేవాడా అని.

"మోసేవాడండి. అందరితో సమానంగా మోసేవాడు. వాటా కూడా సమానమే," అన్నారు నారాయణ గారు గట్టిగా. వెనక బెంచీ మీద ఆమె తల ఎత్తింది.

అప్పుడు మిల్లు వకీలు లేచాడు. ఫైలు తెరిచి ఒక్కొక్క కాగితమే బల్ల మీద పరిచాడు. ఆ వరస నేను చూశాను. పాన్ కాపీ, అగ్రిమెంటు, టీడీఎస్ సర్టిఫికెట్లు, రెండేళ్ల రిటర్నులు, రీఫండు వచ్చిన బ్యాంకు కాగితం. ఒక్కటి కూడా తక్కువ లేదు.

"ఈ రిటర్ను నింపిన చేతిరాత ఎవరిది?"

"నాదేనండి."

"వృత్తి లేబర్ కాంట్రాక్టరు అని రాసింది?"

"నేనే."

"అతను కూలీ అని ఇప్పుడు చెబుతున్నారు. అంటే రెండేళ్లపాటు ఇన్‌కంటాక్స్ వాళ్లకి మీరు అబద్ధం రాసిచ్చారన్నమాట. అవునా, కాదా?"

నారాయణ గారు నోరు తెరిచారు. అవును అంటే చాలు. తప్పు నాది, అతనిది కాదు అంటే చాలు. విచారణ అధికారి పెన్ను పట్టుకుని చూస్తున్నారు. ఆయన మంచివాడే, తొందర పెట్టలేదు.

"నా ఫైల్లో అబద్ధం ఉండదండి," అన్నారు నారాయణ గారు.

అధికారి రాసుకున్నారు. ఇంకేమీ అడగలేదు.

జనవరిలో తీర్పు వచ్చింది. రికార్డుల ప్రకారం మృతుడు కాంట్రాక్టరు, మిల్లు సిబ్బంది సాక్ష్యం కూడా అదే చెబుతోంది, కాబట్టి కేసు కొట్టేశారు. పైకోర్టుకి వెళ్లొచ్చన్నారు. ఎవరి డబ్బుతో వెళ్లాలో మాత్రం చెప్పలేదు.

విచారణ రోజు తిరుగు బస్సులో నేను ఆయన మీద విరుచుకుపడ్డాను. కండక్టరు కూడా ఇటు తిరిగి చూశాడు. "ఆయమ్మ మీ మొహం చూస్తూ కూర్చుంది బాబాయ్ గారూ. ఒక్క మాట. ఒక్క మాట అనలేకపోయారా?"

ఆయన కిటికీలోంచి పత్తి చేలు చూస్తున్నారు. "అబద్ధం అన్నాడమ్మాయ్. ముప్పై మూడేళ్లలో నా రాతని పట్టుకుని ఎవడూ ఆ మాట అనలేదు. నోట్లోంచి అదే వచ్చేసింది," అన్నారు.

"మనిషి పోయినా మీ రాత నిలబడింది, సంతోషించండి," అన్నాను.

అనకూడని మాట. కానీ అన్నాను, వెనక్కి తీసుకోలేదు. పదిహేను రోజులు ఆయనతో మాట్లాడలేదు. తర్వాత నా మీద నాకే రోత పుట్టింది. ఆ అగ్రిమెంటు టైపు చేసింది నేను. ఆ గదిలో నేనూ ఉన్నాను. నన్నెవరూ అడగలేదన్నది నిజమే. అడక్కపోయినా లేచి చెప్పొచ్చు కదా. నాకూ ఉద్యోగం పోతుందన్న భయం ఉంది, దానికి ముద్దుపేర్లు పెట్టడం దేనికి. ఆయన అవునన్నా కేసు నిలిచేది కాదేమోనని తర్వాత తెలిసిన వకీలు ఒకాయన అన్నారు. ఏమో. ఆ మాట విన్నా నాకు మనసు తేలిక పడలేదు.

సంక్రాంతి వెళ్లాక నారాయణ గారిలో ఒక మార్పు వచ్చింది. ఎవరి చేత ఏ కాగితం మీద సంతకం పెట్టించుకున్నా, ముందు అందులో ఉన్నదంతా తెలుగులో చెప్పడం మొదలుపెట్టారు. లారీ వాళ్లు విసుక్కునేవారు. "ఎక్కడ పెట్టాలో చెప్పండి సార్, అన్‌లోడింగుకి టైమైపోతంది," అనేవారు. ఈయన వినేవారు కాదు. పెన్ను తన దగ్గరే పట్టుకుని, చివరి వాక్యం దాకా చెప్పి, "అర్థమైందా?" అని అడిగి అప్పుడు ఇచ్చేవారు. అందరూ అర్థమైందనే అనేవారు. బల్ల ముందు వరస పెరిగిపోతుంటే ప్రేమ్‌చంద్ గారు అద్దం గదిలోంచి చూసి తల పట్టుకునేవారు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నాడని వాచ్‌మన్ అనడం నేను విన్నాను. వాణ్ణి తిట్టాను, కానీ వాడన్నదాంట్లో తప్పేముంది.

ముఠాకి మాత్రం మేస్త్రి దొరకలేదు. అల్లాబక్షు పోయాక కూలిని ఇరవై ఒక్క మంది పేర్ల మీద విడివిడిగా ఓచర్లు రాసి ఇస్తున్నాం. 2009 ఏప్రిల్‌లో ఆడిటరు గారు అది కుదరదన్నారు. ఒక పేరు, ఒక పాన్, లేకపోతే పేమెంటు ఆపండన్నారు. రెండు శనివారాలు కూలి ఆగింది. నారాయణ గారు షెడ్డులోకి వెళ్లి ఒక్కొక్కణ్ణీ అడిగారు. ఎవరూ ఒప్పుకోలేదు. వాళ్లకి చదువు రాకపోవచ్చు, కానీ ఆ కేసు వాళ్లకి అర్థమైనంతగా మాకెవరికీ అర్థం కాలేదు.

"ఆ కార్డున్నోడి మీద బేలు పడితే వాడి పెళ్లాం పిల్లలకి ఏం రాదు గదండి. మాకొద్దు," అన్నాడు వాళ్లలో పెద్దవాడు ఇమాం హుస్సేన్.

మూడో శనివారం పొద్దున పదింటికి జహీరున్నీసా ఆఫీసుకి వచ్చింది. ఈసారి వాచ్‌మన్ ఆపలేదు. వెనక ఇమాం హుస్సేన్ ఉన్నాడు, గడప అవతలే ఆగిపోయాడు. ఆమె నేరుగా నారాయణ గారి బల్ల దగ్గరికొచ్చి నిలబడింది.

ఆయన కంగారుగా లేచి నిలబడ్డారు. "కూర్చోమ్మా," అని కుర్చీ చూపించారు. ఆమె కూర్చోలేదు.

"కార్డు నా పేరున రాయండి. ముఠా వాళ్లు అడిగారు. పేరిచ్చినందుకు వారం వారం అరవాటా ఇస్తామన్నారు," అంది.

"నీ పేరునా?"

"నేను బేళ్లు మొయ్యను గదండి. నా మీద పడదు."

నారాయణ గారు ఇమాం హుస్సేన్ వైపు చూశారు. అతను తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ పక్కకి తిరిగాడు. వాళ్లు ఆమెకి చెడు తలపెట్టి చేసింది కాదది. మొయ్యని మనిషి పేరు పెడితే ఎవరికీ నష్టం లేదనీ, పోయినవాడి ఇంట్లో నాలుగు మెతుకులు పడతాయనీ అందరూ కూర్చుని ఆలోచించి పెట్టిన దారి.

ఆయన సొరుగులోంచి అగ్రిమెంటు తీశారు. అదే మూడు పేజీలు, పేరు ఒక్కటి ఖాళీ. పెన్ను తన దగ్గరే పెట్టుకుని చెప్పడం మొదలుపెట్టారు. మొదటి పేజీ అయింది. రెండో పేజీ సగానికి వచ్చేసరికి ఆపేశారు. నీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టారు. మనుషుల్ని పెట్టుకునేది నువ్వు, వాళ్లకి ఏం జరిగినా బాధ్యత నీది అన్న వాక్యం చెప్పి ఆగారు.

జహీరున్నీసా అప్పటిదాకా కదలకుండా వింది. "అంటే, రేపు వాళ్లలో ఎవరి మీదన్నా బేలు పడితే, వాడి పెళ్లాం ఎవరి మీద కేసేసుద్ది?" అని అడిగింది.

నేను కీబోర్డు మీద చేతులు ఆపేశాను. అబద్ధం చెప్పెయ్యండి బాబాయ్ గారూ అని నాకు అరవాలనిపించింది. ఈ ఒక్కసారికి చెప్పెయ్యండి.

"మిల్లు మీదా వెయ్యొచ్చు. మిల్లు మాత్రం నిన్ను చూపిస్తుందమ్మా," అన్నారు ఆయన.

ఆమె కిటికీ వైపు తిరిగింది. బయట షెడ్డు ముందు లారీకి ఎత్తుతున్నారు. ఇద్దరు కింద నుంచి నెడుతున్నారు, ఇద్దరు పైన కొక్కేలతో లాగుతున్నారు. వాళ్లందరి ఇళ్లూ ఆమెకి తెలుసు, వాళ్ల పెళ్లాలందరూ తెలుసు. నలభయ్యో రోజున వంట చేసింది వాళ్లే. ఎర్రగా కందిపోయిన వేళ్లని ఒకదానితో ఒకటి రాసుకుంటూ చాలాసేపు చూసింది.

"ఈ శనివారం కూలి ఇయ్యాలే వస్తదాండీ?" అంది చివరికి. "రెండు వారాల్నుంచి వాళ్లిళ్లల్లోనూ పొయ్యి సరిగ్గా వెలగట్లా."

"కార్డుకి అప్లై చేసినట్టు రసీదుంటే చాలు. ఇస్తారమ్మా."

ఆమె చెయ్యి చాపింది. నారాయణ గారు ఇంకుప్యాడు కోసం వెతకబోతే, "సంతకం చేస్తానండి, కేసు తిరిగినప్పుడు నేర్చుకున్నా," అంది. మూడు పేజీల మీదా, తర్వాత పాన్ ఫారం మీదా, నిలబడే, ఒక్కొక్క అక్షరం తెలుగులో రాసింది. మంటకి వేళ్లు సరిగ్గా వంగడం లేదు. ఆయన బల్లకి రెండు చేతులూ ఆనించి, తల దించుకుని నిలబడ్డారు.

మధ్యాహ్నం రెండింటికి ఆయన ఆ కాగితాలు తెచ్చి నా పక్కన పెట్టారు. ట్యాలీలో కొత్త పేరు తెరవాలి. జహీరున్నీసా అని కొట్టాను. ఈ పేరు ఏ పద్దు కింద అని అడిగింది కంప్యూటరు. నాకు సిగ్గేసింది. బయట ఇరవై ఒక్క మంది కూలి కోసం ఎదురుచూస్తున్నారు. లేబర్ కాంట్రాక్టరు అని కొట్టాను.